మోకాళ్ళ నొప్పికి తొవ్వ ఇడువరు

మా ఊళ్ళో క్యాన్సర్ ఉండేది కాదు. మా అత్త ఈ మాట గట్టిగా చెప్పేది, ఊరి పెద్దలూ చెప్పేవారు, నేనూ నమ్మేదాన్ని. మనుషులు చచ్చిపోయేవారు, అది వేరే సంగతి. జనగామ దగ్గర మా అత్తగారి ఊళ్ళో గడ్డ లేచి పోయేవారు. కొత్తగూడ అడవి పక్కన మా తల్లిగారి ఊళ్ళో గాలి సోకి, ముద్ద దిగక, ఎండిపోయి పోయేవారు. ములుగు ఘనపూర్ వైపు వేడి చేసి పోయేవారు. నా భర్త పనిచేసే భూపాలపల్లి బొగ్గు బాయిల దగ్గర పెద్ద దవాఖాన ఉంది కాబట్టి అక్కడ మాత్రం క్యాన్సర్ ఉందని వినేవాళ్ళం. దవాఖాన ఉన్నచోటే ఆ జబ్బు పుడుతుందని, మాకు దవాఖాన లేకపోవడం ఒక రకంగా అదృష్టమేనని అనుకునేవాళ్ళం.

ఈ అదృష్టం మా అక్కతో పోయింది. అక్క అంటే తోబుట్టువు కాదు, నా యారాలు, నా భర్త అన్న అయిన మా బావ భార్య. పుట్టింది ఘనపూర్ దగ్గర. మా ఊళ్ళో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక్కతి మొదలుపెడితే వంద మంది ఆడవాళ్ళు అందుకునేవారు. గొంతు అంత పెద్దది, నోరూ అంతే.

ఇది తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఏండ్ల ముచ్చట. నాకు అప్పుడే అక్షరాలు వచ్చాయి. నలభై దాటాక, సాయంత్రం పూట అంగన్‌వాడీ గదిలో, డిగ్రీ చదివే మా వాడ పిల్ల నేర్పింది. పలక మీద నేర్చుకున్నది కొంత, గోడల మీద నేర్చుకున్నది ఎక్కువ. మా ఊరి గోడల మీద అప్పుడున్నంత రాత అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. గుడులు, ఒత్తులు అన్నీ నినాదాల్లోనే పట్టుబడ్డాయి. ఎవరెవరు రాజీనామా చేయాలో కూడబలుక్కుని చదువుతూ పొలానికి పోయేదాన్ని.

అక్కకు ముట్టు ఆగిపోయి ఏండ్లయింది. మనవరాలు పుట్టి నడుస్తోంది. ఒకరోజు పత్తి ఏరి వచ్చి నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచింది.

“మల్ల బయటున్ననే.”

“గిదేంది అక్కా, గీ వయసుల?”

“నాకేమెరుక? అత్తకు చెప్పాలె. దేవుని అర్ర ముట్టుకుంటే ముసల్ది ఇల్లు పీకి పందిరేస్తది.”

అత్త ఇల్లు పీకలేదు. సంబురపడింది. ఆగిన ముట్టు మళ్ళీ వచ్చిందంటే ఒంట్లో బలం తిరిగొచ్చినట్టేనంది. నువ్వులు వేయించి, బెల్లమూ ఎండు కుడుకా కలిపి రోట్లో దంచి, పెద్దమనిషి అయిన ఆడపిల్లకు పెట్టినట్టు కోడలికి ముద్దలు చేసి పెట్టింది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని తిన్నది. నాకూ ఒకటి పెట్టింది. బాగున్నాయి.

సంగతి వాడలో తెలిసింది. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది.

“ఏమే, మల్ల పెద్దమనిషివైనవట గద! పేరంటం ఎన్నడు?”

“చీర పట్టుకొని రా, గప్పుడు చెప్త,” అంది అక్క.

“మీ ఆయినె ఏమంటున్నడు?”

“గాయినెకు తెలంగాణ ముచ్చట తప్ప వేరే ముచ్చట ఎరుకేనా?”

అది నిజం. బావ మా ఊరి ధర్నా టెంటుకు పెద్ద. పొద్దున లేస్తే మైకు పట్టుకునేవాడు. ఇంట్లో నీళ్ళు అడిగినా ఉపన్యాసం ఇచ్చినట్టే ఉండేది.

మా ఇంట్లో బయటున్న ఆడది ఐదు రోజులు దేవుని అర్రలోకి పోదు, పూలు ముట్టదు, బతుకమ్మ ఆడదు. ఐదోనాడు తలకు పోసుకుని కలుస్తుంది. అక్కకు ఆ ఐదోనాడు రాలేదు. ఆగినట్టే ఆగి మళ్ళీ కనిపించేది. అత్త మళ్ళీ నువ్వులు వేయించేది. బతుకమ్మ పండుగ వచ్చి పోయింది. అక్క ఇంటి ముందర నిలబడి దూరం నుంచి చూసింది.

మామూలు రోజుల్లో అయితే ఏడాదికి ఒక్క పండుగే కాబట్టి ఆమె అక్కడితో ఊరుకునేదేమో. కానీ అప్పుడు బతుకమ్మకు కాలం లేదు. ధర్నా అంటే బతుకమ్మ, రాస్తారోకో అంటే బతుకమ్మ. తంగేడు పూయని నెలల్లో బంతిపూలు పేర్చేవారు, అవీ దొరక్కపోతే కాగితం పూలు. రోడ్డు మీద ఎప్పుడు ఆట పెట్టినా అక్క బయటే. ఆమె బదులు ఇంకో వాడ ఆమె పాట ఎత్తుకుంటోంది. ఆమె పాట ఒక తీరు, చప్పట్లు ఇంకో తీరు.

“అది పాడంగ ఇంటే ఢిల్లోళ్ళు ఇయ్యాలనుకున్న తెలంగాణ గూడ ఇయ్యరు,” అంది అక్క ఒకనాడు పండ్లు కొరికి. “జనగామ పోదాం పావే. ఆగేటట్టు గోలీలు రాయించుకొస్త.”

నడుం నొప్పి ఆమెను దవాఖానకు పంపలేదు. వాసన పంపలేదు. చీరలు ఉతికీ ఉతికీ చేతులు పగిలినా పోదామనలేదు. పాట కోసం బయలుదేరింది. ఇద్దరం జనగామ బస్సెక్కాం.

అక్కడ ఆడ డాక్టరు, వయసులో మాకంటే చిన్నది, అడిగింది, “ఎప్పటి నుంచి ఇట్లా?”

“బతుకమ్మ పండుగ ముందటి సంది మేడం.”

“ఇప్పుడు ఉగాది వస్తోంది కదమ్మా!”

“ఔ, గందుకే వచ్చిన. వచ్చే సోమారం రోడ్డు మీద మల్ల ఆట ఉన్నది. గప్పటికి ఆపున్రి జర.”

డాక్టరు నవ్వలేదు. తెర వెనక్కి తీసుకుపోయి చూసింది. బయటికి వచ్చి చేతులు చాలాసేపు కడుక్కుంది. ఇది ముట్టు కాదని, వెంటనే హైదరాబాద్ పోవాలని, సోమవారం సంగతి మరిచిపొమ్మని చెప్పింది. అక్క దారి పొడుగునా ఆమెనే తిట్టింది. “గోలీ ఇయ్యరాక పట్నం పొమ్మంటది.”

హైదరాబాద్‌లో ఆ దవాఖాన ముందు పెద్ద బోర్డు ఉంది. నేను నిలబడి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాను. అంతవరకు నేను చదివిన మాటలన్నీ ఊరి గోడల మీదివి, అందరికీ ముందే తెలిసినవి. తెలియని మాటను నాకు నేనుగా చదవడం అదే మొదలు.

“ఏం రాసిండ్రే?” అంది అక్క.

“దవాఖాన అని రాసిండ్రు.”

ఆ మాటా బోర్డు మీద ఉంది, రెండోది.

దాచిపెట్టి ఏం లాభం లేకపోయింది. అక్కడి వరుసలో ఎవరూ ముందు ఊరు అడగరు. “నీకెక్కడ?” అని అడుగుతారు. ఒకామె గొంతు చూపించింది, ఒకామె రొమ్ము. ఒక ముసలాయన చెంప మీద రుమాలు తీసి చూపించాడు, ఏండ్లుగా దవడన పొగాకు పెట్టుకున్నచోట. వాళ్ళు చెప్పుకునే తీరు చూస్తే తీర్థంలో కలిసిన చుట్టాల్లా ఉన్నారు. పాలమూరు, ఆదిలాబాద్, కర్ణాటక, అన్ని దిక్కుల వాళ్ళూ ఉన్నారు. అక్క కాసేపు విన్నది. తర్వాత నా వైపు తిరిగి, “దవాఖాన అంటివి గదనే,” అంది.

ముక్క తీసి పరీక్ష చేశారు. గర్భసంచి మూతి దగ్గర అన్నారు. ఇంకా పాకలేదు, కరెంటు పెడితే నయమయ్యే అవకాశం బాగానే ఉందన్నారు. ఆ రేడియేషన్ వైద్యాన్ని మా దిక్కు వాళ్ళంతా కరెంటనే అంటారు. వారంలో ఐదు రోజులు కరెంటు, ఒకరోజు సెలైన్‌లో మందు. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి డబ్బు సర్కారే కట్టింది. మా బావ రోజూ మైకులో తిట్టే సర్కారే. భూపాలపల్లిలో నా భర్తా, తోటివాళ్ళూ సమ్మె చేసి బొగ్గు తీయడం ఆపేశారు. మా ఊళ్ళో దీపాలు ఆరిపోయాయి. అక్కకు మాత్రం రోజూ కరెంటు ఉండేది.

ఒకనాడు పెద్ద డాక్టరు నేర్చుకునే పిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్క మంచం దగ్గర నిలబడి పాఠం చెప్పాడు. పట్నంలో రొమ్ము క్యాన్సర్ పెరుగుతోందట, పల్లెల్లో ఇది ఎక్కువట. కొన్ని దేశాల్లో టీకాలు వేసి, ఏమీ లేనప్పుడే పరీక్షలు చేసి, ఈ జబ్బును దాదాపు లేకుండా చేసుకుంటున్నారట. అదే జబ్బు, తొందరగా వచ్చినవాళ్ళు బతుకుతారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు బతకరు. మన దగ్గర ఎక్కువమంది ఆలస్యంగానే వస్తారు.

“చూడమ్మా, మీ వైపు ఆడవాళ్ళు ఇన్ని నెలలు ఏం చేస్తుంటారు?” అని అక్కనే అడిగాడు.

“నువ్వుల ముద్దలు తింటం సారూ,” అంది అక్క.

పిల్లలు నవ్వారు. ఆయన అదేదో పత్యం అనుకుని రాసుకోమని చెప్పాడు.

పక్క మంచం ఆమె గుంటూరు నుంచి వచ్చింది. మొదటి రోజు అక్క మాట విని ముసిముసిగా నవ్వింది. “మీ భాష సినిమాల్లో విన్నట్టే ఉందండీ.”

“సిన్మాలల్ల గట్ల మాట్లాడేటోణ్ణి ఆఖరుకు పోలీసోళ్ళు పట్టుకపోతరు. నన్ను గీ కరెంటోళ్ళు పట్టుకున్నరు.”

రెండో వారానికి ఒకరి కోసం ఒకరు వరుసలో చోటు పెట్టుకునేవరకు వచ్చింది. ఒకనాడు ఆమె నెమ్మదిగా అడిగింది, “మీ రాష్ట్రం మీకొచ్చేస్తే మమ్మల్ని ఇక్కడికి రానివ్వరా?”

“నువ్వు రాకుంటే లైన్ల నాకు తోడెవ్వరు? రా. నీకు నేను పాసిస్త.”

ఇంటి దగ్గర సంగతి వేరు. అసలు జబ్బు అత్తతో సహా ఇంట్లో వాళ్ళకే తెలుసు, ఊరందరికీ బావ మోకాళ్ళ నొప్పి అని చెప్పాడు. ఆడదానికి అలాంటిచోట జబ్బని చెప్పుకుంటే నలుగురిలో తల ఎత్తుకోలేమన్నాడు. అక్కకూ అదే ఇష్టం. మోకాళ్ళ నొప్పికి ఎవరూ హైదరాబాద్‌లో ఆదివారాలు ఉండిపోరు కాబట్టి, అబద్ధం నిలబడాలని ప్రతి శుక్రవారం సాయంత్రం రైలెక్కి వచ్చి, సోమవారం పొద్దున పోయేవాళ్ళం. ఒళ్ళు కాలి, వాంతులై, మెతుకు దిగక ఉన్న మనిషి శనివారం నాడు వాడ ఆడవాళ్ళ ముందు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ నడిచేది. ఒక్కోసారి కుడి కాలు, ఒక్కోసారి ఎడమ కాలు. ఎవరూ గమనించలేదు.

అసలే బస్సులు బంద్. ఒక వారం రైళ్ళూ ఆపేస్తే మధ్యలో రోజులు తప్పిపోయాయి. డాక్టరు మా మీద గట్టిగా అరిచాడు. “మళ్ళీ తప్పిస్తే నా దగ్గరికి రాకండి. మధ్యలో ఆపితే ఇన్నాళ్ళు పెట్టిందంతా వృథా. ఆ గడ్డకు మీ బంద్‌లు తెలియవు.” అక్క భయపడడం ఆ రోజే చూశాను. వచ్చేటప్పుడు రైల్లో, “మనవరాలికి ఒక్క పాటన్న నేర్పలేదే,” అంది.

ఆ మరుసటి సోమవారమే మళ్ళీ బంద్ పెట్టారు. రోడ్డూ రైలూ రెండూ. జనగామలో ఒక భాయ్‌కి వ్యాను ఉంది. పేషెంటును ఎక్కడా ఆపరని, తీసుకుపోతానని అతనే ధైర్యం చెప్పాడు. తెల్లవారంగానే వచ్చాడు. వ్యాను ఊళ్ళోంచి పెద్ద రోడ్డెక్కగానే ఆగిపోయింది. మొదటి టెంటు మాదే.

రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, ఎడ్లబండి, పొయ్యిల మీద అన్నం గిన్నెలు. మా వాడ ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మధ్యలో బతుకమ్మ. టెంటు కింద కుర్చీలో మా అత్త, మెడలో గులాబీ కండువా. వేదిక మీద బావ, చేతిలో మైకు. “ఒక్క బండి గూడ కదలొద్దు!” అంటున్నవాడు వ్యానులో పెళ్ళాన్ని చూసి ఆగిపోయాడు.

పక్కింటామె ముందుకొచ్చింది. “ఏడికే గింత పొద్దుగాల?”

“హైదరాబాద్. దవాఖానకు,” అన్నాను నేను.

“మోకాళ్ళకా?”

అక్క తలూపింది.

“మోకాళ్ళ నొప్పికి బంద్ నాడు పోవుడేందే? కాన్పు నొప్పులంటే ఇడుస్తం, పాము కరిస్తే ఇడుస్తం. మీ ఇంటాయినె పెట్టిన బందే గదా. ఆయిన పెండ్లానికొక తొవ్వ, మందికొక తొవ్వనా?”

చుట్టూ ఉన్నవాళ్ళు ఔనన్నారు. ఔననకుండా ఎలా ఉంటారు, మాట న్యాయంగా ఉంది. భాయ్ కిటికీలోంచి తల తిప్పి, “అక్కా, బీమారి ఏందో ఒక్క మాట చెప్పున్రి, రాస్తా ఇస్తరు,” అన్నాడు. అక్క మోకాలు గట్టిగా పట్టుకుంది. నేను బావ వైపు చూశాను. ఆయన చేతిలో ఊరంతా వినిపించే మైకు ఉంది. ఆయన బతుకమ్మ వైపు చూస్తున్నాడు.

అక్క వ్యాను దిగింది. “నేనేడికి పోత లేను. ఆటకే వచ్చిన,” అని కొంగు నడుముకు చెక్కుకుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇన్ని నెలల తర్వాత పాట ఎత్తుకోవడానికి గొంతు సవరించుకుంది. ఇంకా ఎన్నో ఏండ్లు బతకవలసిన మనిషి, నలుగురిలో ఒక్క మాట అనలేక, రోడ్డు మీద పాట పాడడానికి నిలబడింది. నేను చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది.

అప్పుడు కుర్చీలోంచి అత్త లేచింది. కట్టె పట్టుకుని వేదిక దాకా నడిచింది.

“మైకిటియ్యి బిడ్డా.”

“ఎందుకే అవ్వా, నువ్వు కూసో,” అన్నాడు బావ.

“ఇస్తవా, గుంజుకోవాల్నా?”

ఇచ్చాడు. అత్త జీవితంలో మైకు పట్టుకోలేదు. అందులో మాట్లాడాలంటే గట్టిగా అరవాలనుకుంది.

“నా పెద్ద కోడలికి మోకాళ్ళ నొప్పి లేదు!” అంది. రోడ్డు పొడుగునా కట్టిన మైకులన్నీ ఆ మాట పలికాయి. “దానికి కిందికెళ్ళి నెత్తురు పోతున్నది. నేను ముట్టనుకొని నువ్వుల ముద్దలు తినవెట్టిన. ముట్టు కాదు, క్యాన్సర్! ఇయ్యాల కరెంటు పెట్టకుంటే సస్తది. తొవ్వ ఇడువున్రి!”

మైకులో ఏం వినపడ్డా బదులు పలకడానికి అలవాటు పడిన జనం ఒక్క గొంతుతో, “జై తెలంగాణ!” అన్నారు.

పక్కింటామే మొదట కదిలింది. రాయిని కాలితో నెట్టింది. పొయ్యి మీది అన్నం గిన్నెను పట్టుకుని పక్కకు జరిపారు. ఎడ్లబండిని తోశారు. బతుకమ్మను కూడా ఎత్తి పక్కన పెట్టారు. అక్క ముఖం కొంగుతో కప్పుకుని వ్యానెక్కింది. ముందుకు పోయాక అత్తను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అక్షరాలు వచ్చినంత మాత్రాన అన్నీ రాయాలని లేదు.

హైదరాబాద్ దాకా ప్రతి ఊరి దగ్గరా టెంటే. మొదట భాయ్ చెప్పాడు, తర్వాత నేను చెప్పాను. అన్నిచోట్లా తొవ్వ ఇచ్చారు, అన్నిచోట్లా జై కొట్టారు. పట్నం దగ్గరపడేసరికి అక్క విసిగిపోయి తనే తల బయటపెట్టింది. “క్యాన్సర్! కరెంటు పెట్టించుకోవాలె! జల్ది!” మెషీను ఆపేసే వేళకు అందుకున్నాం. గుంటూరు ఆమె ఎప్పటిలాగే వరుసలో చోటు పెట్టి ఉంచింది.

తర్వాతి శనివారం నుంచి మా ఇంటికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. పరామర్శ అన్నారు. పండ్లు ఇచ్చి, కాసేపు కూర్చుని, పోయేముందు కొట్టం వెనక్కి పిలిచి, “నాకు గూడ నడుమ నడుమ గట్లనే అయితది, అది గదేనా?” అని అడిగేవారు. పక్కింటామె అందరికంటే ఆఖర్న వచ్చింది, చీకటి పడ్డాక, తలుపు వేసుకుని మరీ. అక్క వాళ్ళను జట్లు జట్లుగా జనగామకు తోలుకుపోయింది. చాలామందికి ఏమీ లేదు. పక్కింటామెకు మొదట్లోనే దొరికింది, చిన్న ఆపరేషన్‌తో నయమైంది. ఒకామెకు మాత్రం అప్పటికే కాలేయం దాకా పోయింది. కొత్తగూడ నుంచి మా పిన్నిని నేనే పిలిపించాను. ఆమెకు సోకిందన్న గాలి, గాలి కాదు. ఆమెను బతికించుకోలేకపోయాం. మా పిన్ని కరెంటు గదిలో గోడ వైపు తిరిగి పడుకుని, ఇంకొంచెం ముందు రాకపోతినా అని ఒక్కసారే అన్నది.

ఊరి పెద్దలు రచ్చకట్ట మీద లెక్క తేల్చారు. ఉద్యమానికి ముందు ఊళ్ళో ఈ జబ్బు ఒక్కరికీ లేదు, అక్క హైదరాబాద్ పోయి తెచ్చింది, ఇప్పుడు ఊరంతా అంటుకుంది. ఒకాయన రోడ్ల మీద పొయ్యిల పొగ వల్ల అన్నాడు. బావ కూడా అక్కడే కూర్చుని విన్నాడు. మైకు లేకపోతే ఆయనకు మాట రాదు.

తెలంగాణ వచ్చింది. తర్వాత మా ఒక్క జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. నా అత్తగారిల్లు ఒకటి, తల్లిగారిల్లు ఇంకొకటి, నా భర్త కొలువు మరొకటి. ఎవరి జిల్లా దవాఖాన వాళ్ళకుంది, బోర్డులు పెద్దగా ఉన్నాయి, నేను తడబడకుండా చదువుతున్నాను. కరెంటు పెట్టించుకోవాలంటే మాత్రం ఇప్పటికీ హైదరాబాదే.

తర్వాత ఒకసారి అక్క పరీక్షకు పోయినప్పుడు డాక్టరు, ఇక ఏడాదికొకసారి వచ్చి చూపించుకుంటే చాలన్నాడు. “అయితే బతుకమ్మ అయినంక వస్త,” అంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు పాట ఆమే ఎత్తుకుంది. గొంతు కొంచెం తగ్గింది, నోరు తగ్గలేదు. చెంగు పట్టుకుని పక్కన మనవరాలు, తప్పులు పాడుతూ.

ఆట అయ్యాక అత్త పళ్ళెంలో సద్దుల ప్రసాదం పట్టుకొచ్చింది. పండుగకు నువ్వుల ముద్దలు చేయడం ఆచారమే. కోడలి ముందు పెట్టి, ఏమంటుందోనని కట్టె మీద ఆనుకుని నిలబడింది.

అక్క ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏందత్తా, మల్ల పెద్దమనిషినైననా?”

“తిన్రాదే,” అంది అత్త. “ఈసారి పండుగకే చేసిన.”